పుల్లమ్మ వార్డు

పుల్లమ్మకు ముందు పుట్టిన ఇద్దరు పిల్లలూ వాళ్లమ్మకు దక్కలేదు. అందుకని ఈమె పుట్టగానే మంత్రసాని ఎత్తుకుపోయి, వాడకట్టు చివర తిని పారేసిన పుల్లాకుల మీద ఓ గడియ పడుకోబెట్టింది. "ఎవ్వరికీ అక్కరలేని పిల్ల, నేనే తీసుకుంటున్న" అని పైకి అని, మళ్లీ తెచ్చి తల్లి ఒళ్లో వేసింది. అలా చేస్తే చావు కన్ను పడదని నమ్మకం. ఆ పుల్లాకుల పేరే బిడ్డకు పెట్టారు. నమ్మకమో, బిడ్డ మొండితనమో, పుల్లమ్మ బతికింది.

ఊరు మక్తల్‌కు ఆమడ దూరం. తండ్రి ఎల్లస్వామి కాపుల ఇంట్లో జీతగాడు. పుల్లమ్మకు పాలపళ్లు ఊడే వయసులో మాదిగవాడ సగానికి సగం మిషనులో కలిసింది. బాప్తిస్మం రోజున మిషను దొరసాని ఈ పిల్లకు రూతు అని పేరు పెడదామంది. తల్లి చప్పున అడ్డం పడింది.

"పేరు మార్చకు దొరసాని. గా పేరే దాన్ని బతికిచ్చింది. నువ్వు నీల్లు పొయ్యి, ప్రార్థన చెయ్యి, పేరు మాత్రం మాకు ఇడిసిపెట్టు."

దొరసాని నవ్వి ఒప్పుకుంది. అదే దొరసాని తర్వాత బడికి పంపింది, బడి అయ్యాక నర్సు పని నేర్చుకోవడానికి దూరపు ఆస్పత్రికి పంపింది. నేర్చుకుని వచ్చిన పుల్లమ్మను రాయచూరు పోయే దారి పక్కనున్న మిషను దవాఖానలో పెట్టారు. తెల్లచీర కట్టుకుని, జుట్టు బిగించి ముడి వేసుకుని ఆమె వార్డులో అడుగుపెట్టిన నాటికి ఎల్లస్వామి లేడు. తల్లి మాత్రం వచ్చి, గడప బయటే నిలబడి, కూతురు ఒక మంచం నుంచి ఇంకో మంచానికి నడవడం కాసేపు చూసి వెళ్లింది.

పుల్లమ్మ పని అంటే పని. దుప్పట్ల అంచులు నాలుగు పక్కలా సమంగా ఉండాలి. నేల మీద నీటి చుక్క ఉండకూడదు. రోగితో వచ్చిన చుట్టపక్కాలు గేటు దాటి వార్డులోకి రాకూడదు. వస్తే ఆమె గొంతు బావి దాకా వినబడేది. "పుల్లమ్మ వార్డుల ఈగ గూడ అడిగే లోపలికొస్తది" అని కాంపౌండరు జానయ్య అందరికీ చెప్పి నవ్వేవాడు. ఆమె చేయి పడనిదే ఏ రోగికీ నీళ్లు కూడా అందకూడదు. తోటి నర్సు బాలనర్సమ్మ మంచం సర్దితే, వెనకే వెళ్లి మళ్లీ సర్దేది. బాలనర్సమ్మ మెత్తని మనిషి, పట్టించుకునేది కాదు.

ఊళ్లలో పెద్ద లడాయి అనుకునే రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన ఏడాది చలికాలంలో ఆ పట్టింపు అంతా తలకిందులైంది.

కృష్ణ అవతల ఆనకట్ట పనికి పోయిన కూలీలు జొన్నకోతలకు ఇళ్లకు తిరిగొచ్చారు. వస్తూ వస్తూ దగ్గును, ఒళ్లునొప్పులను మోసుకొచ్చారు. మొదట రెండు ఊళ్లన్నారు, తర్వాత బండి దారి పొడుగునా అన్ని ఊళ్లూ అన్నారు. మామూలు సర్ది కాదది. పొద్దున చేలో పని చేసినవాడు సాయంత్రానికి లేవలేకపోయేవాడు. డాక్టరమ్మ దాన్ని ఇన్‌ఫ్లుయెంజా అంది. ముసలివాళ్లకు మాత్రం వాళ్ల పడుచు వయసులో చూసిన ఇంకో జ్వరం గుర్తొచ్చింది. "ఎన్కట గిట్లనే వచ్చి ఊర్లకు ఊర్లు ఊడ్సుకపోయింది. కట్టెలు సాలక కాలవెట్టలేదు" అని ఒక అవ్వ చెబుతుంటే, మంచాల మీది వాళ్లు దగ్గడం కూడా ఆపి విన్నారు.

"అవ్వా, గా ముచ్చట ఇంటికి పోయినంక చెప్పు. గిప్పుడు కషాయం తాగు" అని పుల్లమ్మ గ్లాసు ఆమె నోటికి అందించింది.

ఇరవై మంచాల దవాఖాన అది. మంచాలు నిండాయి, మంచాల మధ్య చాపలు నిండాయి, వరండా నిండింది. వరండా ముందు తాటాకు పందిరి వేయించి అక్కడ గడ్డి పరిచారు. ఎక్కువమందికి జ్వరం తనంతట తానే దిగేది. కొందరికే అది రొమ్ముకు దిగి పక్కనొప్పిగా, నిమోనియాగా తేలేది. అప్పటికి వచ్చిన కొత్త బిళ్లలు నిమోనియాకు పనిచేస్తాయి గానీ, లడాయి పోయినా అవి సరిగ్గా అందడం లేదు. ఉన్న కాసిని డాక్టరమ్మ బీరువాలో పెట్టి, ఒక్కొక్కటీ ఆలోచించి ఇచ్చేది. మిగిలిన వైద్యమంతా చేతులతో చేయాల్సిందే. తడిగుడ్డ వేయడం, ఆవిరి పట్టించడం, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిప్పడం, గంట గంటకూ నీళ్లో గంజో తాపడం.

ఆ చేతులే లేవు. మొదటి వారం పోకముందే బాలనర్సమ్మ మంచం పట్టింది. జానయ్య మందులు నూరడం, నీలగిరి తైలం మరిగించడంతోనే సరిపోయేవాడు. డాక్టరమ్మ పొద్దున ఊళ్ల మీద పడితే మధ్యాహ్నానికి గానీ రాదు. వార్డూ, వరండా, పందిరీ అన్నీ పుల్లమ్మ మీద పడ్డాయి. ఆమె నడక పరుగైంది. ఈ చివర ఒకడికి నీళ్లు తాపి ఆ చివరకు వెళ్లేసరికి, మధ్యలో నలుగురి పెదాలు ఎండిపోయి ఉండేవి. గేటు బయట కానుగ చెట్ల కింద చుట్టపక్కాలు గుంపులుగా కూర్చుని, లోపల తమవాళ్లు ఉన్నారో పోయారో అని మెడలు చాచి చూసేవాళ్లు.

అట్లాంటి ఒక పొద్దున ఎద్దులబండి మీద కాపు యాదగిరిని తెచ్చారు. మనిషి బండలాంటివాడు. ఇప్పుడు పెదాలు నీలంగా మారి, ఊపిరికి రొమ్ము ఎగిసిపడుతోంది. వెంట అతని భార్య సావిత్రమ్మ. గేటు దగ్గర పుల్లమ్మ ఆపినా ఆగలేదు. "నా మొగన్ని నేను ఇడిసి యాడికి పోను" అని మంచం పక్కనే చతికిలబడింది. తరిమేంత ఓపిక పుల్లమ్మకు లేదు. డాక్టరమ్మ ఊళ్లకు పోయే ముందు తీసిచ్చిన బిళ్ల, గ్లాసులో నీళ్లు పట్టుకుని వచ్చింది.

సావిత్రమ్మ చేయి అడ్డం పెట్టింది. "ఆగు. నువ్వు ఎల్లస్వామి బిడ్డవు గాదూ? మా పక్కూరి మాదిగ ఎల్లస్వామి?"

"అవునమ్మా."

"మందు ఇయ్యి. మందుల తప్పు లేదు. నీల్లు నేను తాపుత."

ఈ మాట పుల్లమ్మకు కొత్తది కాదు. పుట్టినప్పటి నుంచీ ఏదో ఒక రూపంలో వింటున్నదే. ఇంకో రోజైతే గట్టిగానే జవాబు చెప్పేది. ఆ రోజు ఒంట్లో మాటకు కూడా సత్తువ లేదు. బిళ్ల ఆమె చేతిలో పెట్టింది.

"సరే. మీరే తాపుండ్రి. గంట గంటకు తాపాలె. ఒక్కపారి మర్చిపోయినా నేనే వచ్చి తాపుత. గప్పుడు మాట్లాడొద్దు."

సావిత్రమ్మ మర్చిపోలేదు. చెంబుతో బావి నీళ్లు తెచ్చి కాచి చల్లార్చుకుంది. చెంచాతో, భర్త తల తొడ మీద పెట్టుకుని, చుక్క చుక్కగా తాపింది. తడిగుడ్డ ఆరిపోకముందే మార్చింది. సాయంత్రం పుల్లమ్మ వచ్చి చూస్తే, వార్డు మొత్తంలో నాలుక తడిగా ఉన్నది యాదగిరి ఒక్కడికే. ఆమె చుట్టూ కలయజూసింది. పక్క మంచం మీది కూలీ, అతని పక్కన ఆ అవ్వ, అందరికీ బయట మనుషులున్నారు. వాళ్లను గేటు దగ్గర ఆపింది తనే.

డాక్టరమ్మది గుంటూరు వైపు. మాట మెత్తన, చూపు చురుకు. ఊళ్ల నుంచి వచ్చి, వరండా గోడకు ఆనుకుని నిలబడ్డ పుల్లమ్మను చూసి స్టూలు లాగింది.

"ఇలా కూర్చో పుల్లమ్మా. దేవుడు నీకెన్ని చేతులిచ్చాడు?"

"గదేం మాట డాక్టరమ్మా, రెండే గద."

"మరి నలభై చేతుల పని ఎందుకు ఒక్కదానివే పెట్టుకున్నావు? నువ్వు పడిపోతే ఈ వార్డు నేనెవరికి అప్పజెప్పను?"

పుల్లమ్మకు రోషం వచ్చింది. "వాళ్లకు ఏం తెలుసు? చేతులు కడగరు. పండుకున్నోన్ని లేపి సంకటి పెడ్తరు."

"తెలియదు. నీకు తెలుసు కదా. చెప్పు."

అంతే అని డాక్టరమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

మరుసటి పొద్దున పుల్లమ్మ గేటు తీసి కానుగ చెట్ల కిందికి నడిచింది. ఆమెను చూడగానే అలవాటుగా జనం లేచి వెనక్కి జరిగారు. "యాడికి పోతరు? లోపలికి రాండ్రి" అంది. ఎవరూ కదల్లేదు. ఎగతాళి చేస్తోందనుకున్నారు.

"నిజమే చెప్తున్న. ఒక్కో రోగి దగ్గర ఒక్కల్లే. ముందు బావికాడ బూడిదతోని మోచేతుల దాక తోముకోండ్రి. కొంగో, రుమాలో ముక్కుకు, నోటికి కట్టుకోండ్రి. నేను చేసి సూపిచ్చినట్లే చెయ్యాలె. ఎవనికన్న సంకటి ముద్ద పెట్టిండ్రా, మీ సంగతి సూస్త!"

మాట పెళుసుదే అయినా, ఇంటి పెద్దకోడలు పెళ్లి పనులు పంచుతున్నట్టుంది. ఒక ముసలాయన ముందుగా నవ్వాడు. అందరూ బావి దగ్గర చేరారు.

ఆ పొద్దంతా పుల్లమ్మ నేర్పుతూనే ఉంది. మనిషిని ఎట్లా ఒత్తిగిల్లజేయాలో, దగ్గుతో తెమడ పడితే ఆకు దొప్పలో పట్టి ఎక్కడ కాల్చాలో, పెదాలు నీలంగా మారితే ఎవరిని పిలవాలో చూపించింది. కళ్ల ముందే చాపలు వంకరగా పడ్డాయి, నీళ్లు ఒలికాయి. పళ్లు బిగబట్టుకుని ఊరుకుంది. పక్క గదిలో జ్వరంతో పడుకున్న బాలనర్సమ్మ కిటికీలోంచి చూసి, "అక్కా, గా మూల దుప్పటి వంకర ఉన్నది" అని పీలగొంతుతో అంది.

"నోరు మూసుకోని పండుకో" అంది పుల్లమ్మ. చాలా రోజుల తర్వాత ఇద్దరూ నవ్వారు.

అందరిలోకీ పనికొచ్చినవాడు కురుమయ్య. గొర్రెల కాపరి. జ్వరంతో వచ్చి, తగ్గాక మంద దగ్గరికి పోకుండా ఆగిపోయాడు. మందను బామ్మర్ది చూస్తున్నాడట, తనకిక్కడ వేడి గంజి దొరుకుతోందట. కావడితో నీళ్లు మోశాడు, ఆవిరి కుండలు కాచాడు. లేవలేని మనిషిని చంకల కింద చేతులు వేసి నెమ్మదిగా కూర్చోబెట్టడం అతనికి ఎవరూ నేర్పాల్సిన పని కాలేదు. నోటితో మాత్రం మందలో ఉన్నట్టే అరిచేవాడు. "హుర్ర్, లే బిడ్డా, లే! జర ఇటు తిరుగు!" అని మక్తల్ షావుకారును కూడా అదిలించాడు. ఆ షావుకారు మారు మాట్లాడకుండా తిరిగాడు.

గంజి దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. దవాఖాన వంటమనిషి సుక్కమ్మ, పుల్లమ్మ వాడకట్టు మనిషే, వరసకు వదిన. ఆమె చేతి గంజి సగం మంది ముట్టరు. ఇంటి నుంచి ఎప్పుడో వచ్చే చల్లారిన తిండి కోసం కళ్లు కాయలు కాసేలా చూస్తారు. సావిత్రమ్మ భర్త కోసమని బావి పక్కన మూడు రాళ్లు పెట్టి జొన్నగంజి కాచుకుంటోంది. వాసనకు కురుమయ్య ముంత పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. "అమ్మా, జర నాకు గూడ." ఆమె పోసింది. అతని వెనక ఇంకొకరు వచ్చారు. మర్నాటికి చిన్న గిన్నె చాలక, డాక్టరమ్మ స్టోరులోని పెద్ద గుండిగ ఆ రాళ్ల మీదికి ఎక్కింది.

సుక్కమ్మ వంటింట్లో గరిట విసిరికొట్టింది. "నా చేతికి ఏం రోగమొచ్చిందే పుల్లమ్మా? ఇన్నేండ్ల సంది వండుతున్న. నువ్వు గూడ ఆమె దిక్కే నిలవడితివి."

అన్నం వండే చేయి ఎవరిదని అడిగే లోకం మీద పుల్లమ్మకు ఉన్న కోపం సుక్కమ్మ కోపం కన్నా తక్కువది కాదు.

"నాకు గూడ మండుతాంది వదినె. కానీ గిప్పుడు కోపం చేసుకుంటె వీళ్ల కడుపుల గంజి పడుతదా? ముందు బతకనీ. బతికినంక కొట్లాడుదాం."

సుక్కమ్మ తిరగలి ముందు కూర్చుని జొన్నరవ్వ విసరడం మొదలుపెట్టింది. ఆ రవ్వ చాటలో బావి దగ్గరికి వెళ్లేది, సావిత్రమ్మ దాన్ని కాచేది. మొదటి రోజు చాట నేల మీద పెట్టి పక్కకు జరిగితే సావిత్రమ్మ వచ్చి తీసుకుంది. కొన్నాళ్లకు ఇద్దరికీ అంత తీరిక లేకపోయింది. "ఏమే సుక్కమ్మా, రవ్వ జర మెత్తగ ఇసురు, ముసలోల్లకు గొంతుల తట్టుకుంటాంది" అంటూ సావిత్రమ్మ చాట చేతిలోంచే అందుకునేది. ఆ గంజి అందరూ తాగారు. విసిరిందెవరని ఎవరూ అడగలేదు.

యాదగిరికి గండం ఒక మిట్టమధ్యాహ్నం వచ్చింది. జ్వరం ఇంకా ఎక్కితే గుండె తట్టుకోదని డాక్టరమ్మ అతని మంచం దగ్గరే కూర్చుంది. పుల్లమ్మ నాడి పట్టుకుంది. దారం తెగుతున్నట్టు ఉందది. సావిత్రమ్మ కాళ్ల దగ్గర కూర్చుని అరిపాదాలు రుద్దుతూ ఏ దేవుళ్లను పిలుస్తోందో పెదాలు కదులుతున్నాయి. ఉన్నట్టుండి యాదగిరి నుదుట చెమట పోసింది. మెడ మీద, రొమ్ము మీద ధారలు కట్టింది. సావిత్రమ్మ బెదిరిపోయి కేక పెట్టింది.

"భయపడకుండ్రి. జరం దిగుతాంది. గిదే మంచిది" అని పుల్లమ్మ పొడిగుడ్డ తీసుకుని అతని రొమ్మంతా తుడిచింది, తడి చొక్కా మార్చింది. నాడి నిదానించింది. కాసేపటికి యాదగిరి కళ్లు తెరిచి దాహమన్నాడు. దగ్గరున్న గ్లాసు పుల్లమ్మ చేతిలోనే ఉంది. ఆమె ఆగి సావిత్రమ్మ వైపు చూసింది.

"సూస్తవేంది? తాపు!" అంది సావిత్రమ్మ ఏడుస్తూ.

అందరూ బతకలేదు. పాత జ్వరం ముచ్చట చెప్పిన అవ్వ పోయింది. ఆనకట్ట నుంచి వచ్చిన ఒక కూలీ, భార్య ఊరి నుంచి నడిచి వచ్చేలోపే పోయాడు. కురుమయ్య, జానయ్య మోసుకెళ్లారు. కానీ ఊళ్లకు ఊళ్లు ఊడ్చుకుపోలేదు. తాటాకు పందిరి కింద గడ్డి రోజు రోజుకూ ఖాళీ అవుతూ వచ్చింది.

ఆ సమయంలోనే పుల్లమ్మ కూలబడింది. పొద్దున థర్మామీటరు విదిలిస్తూ, ఆ చేయి తనది కానట్టు చూసుకుని, గోడ పట్టుకుంది. తర్వాత ఏం జరిగిందో ఆమెకు సరిగ్గా గుర్తులేదు. తల మీద చల్లటి గుడ్డ, ఎవరో ఒత్తిగిల్లజేయడం, "హుర్ర్, బిడ్డా" అన్న గొంతు మాత్రం గుర్తున్నాయి.

తెలివి వచ్చి తల తిప్పి చూస్తే, తన వార్డు తను లేకుండానే నడుస్తోంది. కోలుకున్న బాలనర్సమ్మ మందులిస్తోంది. బయటి ఆడవాళ్లు గంట గంటకూ నీళ్లు తాపుతున్నారు. కోలుకుంటున్న ఒక కూలీ భార్య కొత్తగా వచ్చినవాళ్లకు, "బూడిదతోని మోచేతుల దాక" అని పుల్లమ్మ గొంతుతోనే గదమాయిస్తోంది. పుల్లమ్మకు ముందు బాధేసింది. తను లేకపోయినా ఏమీ ఆగలేదు. కాసేపటికి ఆ బాధ ఎటు పోయిందో తెలియలేదు. ఎన్నో ఏళ్ల బరువు ఎవరో నెత్తి మీంచి దించినట్టుంది. కళ్లు మూసుకుని నిద్రపోయింది.

లేచేసరికి సావిత్రమ్మ ముంతతో వచ్చింది. యాదగిరి కోలుకుని ఊరికి వెళ్లిపోయాడని, తను మాత్రం ఆగిందని బాలనర్సమ్మ ముందే చెప్పింది.

"లే. గంజి తాగు."

"మీరెందుకు ఉన్నరమ్మా? పటేలు ఒక్కడు ఎట్ల ఉంటడు?"

"ఆయనకు వండిపెట్టెటోల్లు మస్తున్నరు. నీకు ఈడ ఎవరున్నరు? నోరు తెరువు." వంగి, తల కింద చేయి పెట్టి లేపింది. చెంచా పుల్లమ్మ నోటికి అందించింది. పుల్లమ్మ గంజి మింగింది. ఉప్పు కాస్త ఎక్కువైంది. ఆ మాట చెప్పలేదు.

సావిత్రమ్మ ఊరికి వెళ్లాక వాకిట్లోనే తలస్నానం చేసి, పసుపునీళ్లు చల్లుకుని గానీ ఇంట్లో అడుగుపెట్టలేదని తర్వాత ఎవరో వచ్చి చెప్పారు. సుక్కమ్మ, "నేను అప్పుడే చెప్పలే?" అంది. పుల్లమ్మకు బాధ కలిగింది. అయినా తల కింద పెట్టిన ఆ చేయి కూడా నిజమే కదా అనుకుంది. రెండూ నిజమే. మనుషులు ఒక్క చలికాలంలో మారిపోతారని ఆమె ఎప్పుడూ అనుకోలేదు.

మరుసటి వానాకాలంలో డాక్టరమ్మ బావి పక్కన ఒక కొట్టం వేయించి, లోపల వరసగా పొయ్యిలు కట్టించింది. చుట్టపక్కాలు వండుకోవడానికి, ఉండడానికి అది. కురుమయ్య గొర్రెలను బామ్మర్దికే వదిలేసి దవాఖానలో పనికి కుదిరాడు. గేటు తెరిచే ఉండేది. దుప్పట్ల అంచుల గురించి పుల్లమ్మ ఇంకా పోట్లాడేది గానీ, పోట్లాడి ఊరుకునేది.

మళ్లీ చలిగాలి మొదలయ్యాక, ఊళ్లలో జ్వరాలు వచ్చేదాకా ఆమె ఆగదలుచుకోలేదు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక బండి ఎక్కి సావిత్రమ్మ ఊరికి వెళ్లింది. కాపుల వాడలోకి తెల్లచీరతో నడిచి వెళ్లడం అదే మొదటిసారి. తలుపుల సందుల్లోంచి చూపులు వెంటబడ్డాయి. యాదగిరి ఇంటి ముందు ఆగి పిలిచింది.

సావిత్రమ్మ చేతికంటిన పిండితో బయటికి వచ్చి, పుల్లమ్మను చూసి, వీధి అటూ ఇటూ చూసింది. అంతసేపూ పుల్లమ్మ కదలకుండా నిలబడింది. సావిత్రమ్మ లోపలికి వెళ్లింది. చాప తెచ్చి అరుగు మీద పరిచింది.

"కూసో. ఏమచ్చింది, మల్ల జరాలు తగిలినయా?"

"ఇంకా లేదమ్మా. రాకముందే వచ్చిన. ఈపారి ఊరికి నలుగురు ఆడోల్లు ముందే నేర్చుకుంటె, బండి ఎక్కిచ్చేంత రోగం ముదరదు. గంజి ఎట్ల తాపాలె, ఎప్పుడు దవాఖానకు తేవాలె, గదే. ఒక్క పొద్దు చాలు."

సావిత్రమ్మ చేతి పిండి దులుపుకుని, పక్కింటి వైపు తిరిగి గట్టిగా పిలిచింది. "ఓ బిక్షమ్మా! రావే. మీ అత్తను గూడ తోల్కరా. పుల్లమ్మ సిస్టరొచ్చింది."

ఒకరొకరుగా వాకిట్లో ఆడవాళ్లు చేరారు. కొందరు దూరంగానే నిలబడ్డారు, కొందరు దగ్గరికొచ్చి కూర్చున్నారు. పుల్లమ్మ చీర కుచ్చెళ్లు సర్దుకుని, అరుగు మీద కూర్చునే, ముందుగా కాసిని నీళ్లూ ఇంత బూడిదా తెమ్మంది.